పాత డీజిల్ కారుకు షాకబ్జర్లు: ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్పించాలి

బండి పాతదై, గుంతలో పడిన ప్రతిసారీ కింద నుంచి దబ్బుమని శబ్దం వస్తుంటే షెడ్డులో వినబడే మొదటి మాట, "షాకబ్జర్లు పోయినాయన్నా, నాలుగూ మార్చేద్దాం." నిజంగానే పోయి ఉండొచ్చు. అవి బాగానే ఉండి, ఒక చిన్న లింక్ రాడ్డు లూజై ఆ శబ్దం చేస్తూ ఉండొచ్చు కూడా. ఏది నిజమో తేల్చుకోకుండా డబ్బులు తీసి ఇచ్చేస్తే కొత్త షాకులు పడతాయి, పాత శబ్దం అలాగే ఉంటుంది.

నాది 2012 డిజైర్ డీజిల్. కడప బండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్లు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలలో వేసిన రోడ్లు, రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు, అన్నీ చూసింది. ముందు షాకులు ఇప్పటికి రెండుసార్లు మార్పించాను. మొదటిసారి తప్పు సరుకు పడింది, రెండోసారి ప్రతిదీ అడిగి తెలుసుకుని, షెడ్డులో పక్కనే నిలబడి చేయించాను. ఆ తెలుసుకున్నది రాస్తున్నాను. నా బండిని పెట్టి చెప్తున్నా గానీ ఇటియాస్, వెర్నా, వెంటో, లీనియా ఏదైనా పద్ధతి ఇదే, ఎందుకంటే వీటన్నిటికీ ముందు స్ట్రట్లు (షాకు, దాని చుట్టూ స్ప్రింగు, రెండూ కలిసి ఒకే కట్టగా ఉండేవి), వెనక టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెండిటినీ కలిపే అడ్డ దూలం) మీద స్ప్రింగు విడిగా, షాకు విడిగా ఉంటాయి.

ఇంకో మాట. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు చేయడమే ఆపేసింది. మంచి డీజిల్ బండి చేతిలో ఉన్నవాళ్లు దాన్ని వదులుకోవడానికి ఇష్టపడట్లేదు, 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యూ చేయించుకుని అయినా నడుపుకుందామనే చూస్తున్నారు. అలాంటి వాళ్లకు షాకబ్జర్ల ఎంపిక నిజంగా ముఖ్యమైన పని.

షాకు చేసే పని ఏంటి

బండి బరువు మోసేది స్ప్రింగు. షాకు బరువు మోయదు. ఈ ఒక్కటి బుర్రలో ఉంటే సగం గందరగోళం పోతుంది. స్ప్రింగు గుంతలో పడి నొక్కుకుని మళ్లీ పైకి ఎగురుతుంది, వదిలేస్తే అలా ఎగురుతూనే ఉంటుంది, ఆ ఎగురుడును పట్టి ఆపేది షాకు. లోపల నూనె ఉంటుంది, పిస్టన్ ఉంటుంది, పిస్టన్‌లో సన్నని వాల్వులు ఉంటాయి. నూనె ఆ వాల్వుల గుండా ఇరుక్కుని పోవాలి కాబట్టి కదలిక నెమ్మదిస్తుంది, ఆ ఊపు అంతా వేడిగా మారి షాకు ఒంటి మీంచి గాలిలోకి పోతుంది.

మన దగ్గర తకరారు అంతా ఆ వేడితోనే. మే నెలలో కడపలో 43, 44 డిగ్రీలు మామూలే, తారు రోడ్డు దగ్గర ఇంకా ఎక్కువ. అప్పటికే వేడిగా ఉన్న గాలిలోకి షాకు తన వేడిని వదలాలి. నూనె వేడెక్కితే పలచబడుతుంది, పలచబడితే పట్టు తగ్గుతుంది. పొద్దున ఆరింటికి బాగున్న బండి మధ్యాహ్నం పాడు రోడ్డు మీద గంట పోయేసరికి పడవలా ఊగుతోందంటే చాలావరకు కారణం ఇదే. ఇంకా నల్లరేగడి సంగతి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది, పైన వేసిన రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. కంటికి రోడ్డు నున్నగానే కనబడుతుంది, బండి మాత్రం ఆగకుండా లేస్తూ పడుతూ ఉంటుంది. పెద్ద గుంత ఒక్కసారి కొట్టి వదిలేస్తుంది, ఈ అలలు మాత్రం కిలోమీటర్ల కొద్దీ షాకుకు ఊపిరి ఆడనివ్వవు.

మొదటి పని: పోయింది షాకేనా అని తేల్చుకోండి

అందరికీ తెలిసిన పరీక్ష, బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి బరువంతా పెట్టి మూడు నాలుగుసార్లు ఊపి వదిలేయడం. పైకి లేచి, ఒకసారి కిందికొచ్చి ఆగితే పర్వాలేదు. ఆగకుండా ఇంకా ఊగుతుంటే ఆ షాకు అయిపోయింది. కానీ వెంటనే ఆగిపోయింది కదా అని షాకు బాగుందని అనుకోవద్దు. మనం చేత్తో నొక్కే వేగం వేరు, 80లో పోతుంటే చక్రం ఎగిరే వేగం వేరు. బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు) బిగుసుకుపోయిన పాత బండి, షాకు చచ్చిపోయినా ఈ పరీక్షలో పాసవుతుంది.

అందుకని స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక ఫోను టార్చి వేసి స్ట్రట్టును చూడండి. మా బండి ఎడమ స్ట్రట్టు మొదట చూసినప్పుడు దుమ్ము పట్టిందనే అనుకున్నాను. పాత గుడ్డతో తుడవబోతే దుమ్ము రాలలేదు, నల్లటి ముద్దలా గుడ్డకు అంటుకుంది, తుడిచిన చోట తడి మెరిసింది, పది నిమిషాలాగి మళ్లీ చూస్తే పైనుంచి సన్నటి తడి గీత దిగుతోంది. అది లీకు. కుడి స్ట్రట్టుకు కూడా పైభాగాన కొంచెం నూనె మసక ఉంది గానీ దుమ్ము పొడిగానే రాలిపోయింది. ఆ మాత్రం చెమ్మ మామూలే, రాడ్డు కదిలినప్పుడల్లా సీలు దగ్గర సన్నటి నూనె పొర వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. తడి కిందిదాకా కారి దుమ్ము పేస్టులా అతుక్కుంటే మాత్రం మార్చాల్సిందే. అక్కడే ఉన్నారు కాబట్టి పైన రబ్బరు బూటు చినిగిందేమో, దాని లోపల మెరవాల్సిన రాడ్డు మీద తుప్పు చుక్కలు ఉన్నాయేమో కూడా చూడండి. రాడ్డు మీద తుప్పు గుంటలు పడితే సీలును అవే కోసేస్తాయి, ఇవాళ లీకు లేకున్నా తొందర్లోనే వస్తుంది.

తర్వాత టైరు. బండి ఆపి, చెయ్యి టైరు ట్రెడ్డు మీద పెట్టి చుట్టూ నిదానంగా తడమండి. నున్నగా పోతే మంచిది. అరచేతికి ఎత్తుపల్లాలు మెట్లు మెట్లుగా తగిలితే ఆ చక్రం రోడ్డును వదిలి వదిలి పడుతోందని అర్థం. షాకు అరిగిపోతే కనబడే గుర్తుల్లో ఇదొకటి, చక్రం బ్యాలెన్సింగ్ తప్పినా ఇలాగే వస్తుంది కాబట్టి అది కూడా చూపించుకోండి.

శబ్దాల సంగతి వేరు. నెమ్మదిగా పోతుంటే చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటే మొదట స్టెబిలైజర్ (మలుపుల్లో బండి మరీ ఒరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు, దాన్ని పట్టే లింక్ రాడ్లు చూపించండి. నిలబడిన బండి స్టీరింగ్ తిప్పితే టంగుమని స్ప్రింగు తిరిగినట్టు శబ్దం వస్తే స్ట్రట్టు పైన ఉండే బేరింగు పోయి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడో, పెద్ద గుంతలోనో ఒకే ఒక్క దెబ్బ దబ్బుమంటే అప్పుడు షాకు మీదో, బంప్ స్టాపర్ (షాకు పూర్తిగా నొక్కుకుపోతే దెబ్బ తగలకుండా రాడ్డు మీద ఉండే మెత్త) మీదో అనుమానం పెట్టుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు కిందికి గుచ్చుకున్నట్టు వంగడం, ఘాటు మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగి తిరిగి రావడానికి టైమ్ తీసుకోవడం, ఇవి కూడా షాకు గుర్తులే. గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ఒక మలుపులోంచి వెంటనే ఎదురు మలుపులోకి తిరిగే చోట్లు ఉంటాయి కదా, షాకులు పోయిన బండిలో అక్కడ పొట్ట కదిలిపోతుంది. పాలకోవా తినడానికి ఆగే సరికి వెనక సీట్లో పిల్లలు వాంతులకు రెడీగా ఉంటారు.

ఇక కిలోమీటర్ల లెక్క. షాకులు చేసే కొన్ని కంపెనీలు 80 వేల దగ్గర పరీక్ష చేయించమంటాయి. మన రోడ్ల మీద అంతదాకా ఆగకుండా, 50 వేలు దాటిన దగ్గర నుంచి ప్రతి సర్వీసులో టార్చి వేసి చూసుకోవడం మంచిది.

రెండో పని: స్ప్రింగు కొలవండి

బండి కిందికి కూర్చున్నట్టు ఉంటే షాకు మార్చినా పైకి లేవదు, అది స్ప్రింగు కుంగినందువల్ల. సమతలంగా ఉన్న చోట డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిగ్గా కొట్టించి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమ కుడి రెండూ కొలిచి కాగితం మీద రాసుకోండి. రెండిటికీ సెంటీమీటరు మించి తేడా ఉంటే ఒక స్ప్రింగు కుంగిందో, కింది చుట్టు విరిగిందో చూడాలి. కింది చుట్టు సీటులో దాగి ఉంటుంది కాబట్టి విరిగినా బయటికి కనబడదు, చేత్తో తడిమి చూడాల్సిందే. కుంగిన స్ప్రింగు మీద కొత్త షాకు వేస్తే ఆ షాకు ఎప్పుడూ సగం లోపలికి నొక్కుకుని పనిచేస్తుంది, బంప్ స్టాపర్ మీద పదే పదే గుద్దుకుని కొత్తదే తొందరగా పోతుంది.

మూడో పని: మీ బండికి సరిపోయే నంబరు తెలుసుకోండి

నేను తప్పు చేసిన చోటు ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

మొదటిసారి షాపుకు పోయి "డిజైర్, 2012, ముందు షాకులు" అని అడిగాను. డీజిలా పెట్రోలా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. బోల్టులన్నీ సరిపోయాయి, షెడ్డులో బిగించేశారు, రోడ్డు మీదికొచ్చాక ఏసీ వేసుకుని ఇంట్లోవాళ్లతో పోతుంటే బ్రేకు వేసినప్పుడల్లా ముందు భాగం కిందికి ముంచుకుపోయేది. కొత్తవి కదా, సర్దుకుంటాయి అన్నారు. ఆరు నెలలు అలాగే నడిపాను. స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు రాసుకోవడం మొదలయ్యాక డిక్కీలో పడి ఉన్న పాత డబ్బా తీసి లేబుల్ చదివితే దాని మీద పెట్రోల్ అని ఉంది. అప్పటికి బిల్లూ లేదు, మార్పిడీ లేదు, మొత్తం డబ్బు పోయింది.

డీజిల్ ఇంజను పెట్రోల్ ఇంజను కంటే బరువు. ఆ తరం డిజైర్‌లో డీజిల్ బండికీ పెట్రోల్ బండికీ వంద కిలోల దాకా తేడా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. దానికి తగ్గట్టు ముందు స్ప్రింగులు గట్టివి, వాటిని పట్టుకోవడానికి షాకు వాల్వులు కూడా వేరుగా ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. అందుకని నోటితో మోడల్ పేరు చెప్పడం మానేసి, ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఫోటో చూపించండి. కంపెనీ పార్టుల కౌంటర్లో ఆ నంబరు కొడితే మీ బండికి పడే పార్ట్ నంబరు వస్తుంది. ఆ నంబరు రాసుకుని వచ్చాక వేరే కంపెనీ షాకు కొన్నా సరే, దాని కేటలాగులో ఈ నంబరుకు బదులు ఏది అని అడగొచ్చు.

డిజైర్ వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2008లో వచ్చిన పొడుగు డిక్కీ మోడల్ వేరు, 2012లో వచ్చిన నాలుగు మీటర్ల లోపు మోడల్ వేరు, 2017 మోడల్ మళ్లీ వేరు. 2012 ప్రాంతంలో కొన్న బండైతే పాతదో కొత్తదో పేరు చూసి చెప్పలేం, తయారైన నెల ఆర్‌సీలో చూడాలి. ముందు స్ట్రట్లకు ఎడమ కుడి తేడా కూడా ఉంటుంది, బ్రేకు పైపు పట్టుకునే క్లిప్పు, ఏబీఎస్ ఉన్న బండైతే దాని వైరు పట్టుకునే క్లిప్పు, పక్కను బట్టి మారతాయి. డబ్బాల మీద ఎల్‌హెచ్ ఒకటి, ఆర్‌హెచ్ ఒకటి ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూడండి. రెండు ఎడమవి ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

నాలుగో పని: ఆయిలా, గ్యాసా, గట్టిదా, మెత్తదా

గ్యాస్ షాకు అంటే లోపల నూనె ఉండదని కాదు, నూనె ఉంటుంది, దాని మీద నైట్రోజన్ ఒత్తిడి పెట్టి ఉంటుంది. ఆ ఒత్తిడి వల్ల నూనె వేగంగా చిలికినా నురగ కట్టదు. మజ్జిగ చిలికితే నురగ వచ్చినట్టు ఉత్త ఆయిల్ షాకులో నూనె నురగ కడుతుంది, నురగ మీద పిస్టన్‌కు పట్టు దొరకదు. మన ఎండలకు, మన అలల రోడ్లకు గ్యాస్ షాకే సరైనది. దుకాణంలో తేడా తెలుసుకోవడం సులభం, గ్యాస్ షాకుకు కట్టిన పట్టీ తీయగానే రాడ్డు తనంతట తానే మెల్లగా బయటికి వస్తుంది.

మోనో ట్యూబ్ అని ఖరీదైన రకం ఒకటి ఉంది, ఒకే గొట్టం, లోపల ఎక్కువ ఒత్తిడి, వేడిని త్వరగా వదిలేస్తుంది. బిల్‌స్టైన్ లాంటివి చేస్తాయి. హైవే మీద వేగంగా పోయేవాళ్లకు బాగుంటుంది. కానీ బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది, నాపరాళ్ల లారీల వెనక రాళ్లు ఎగిరే మన రోడ్లకు, పాత కుటుంబ బండికి నేనైతే వద్దంటాను. కంపెనీ మొదట్లో వేసిన రకం రెండు గొట్టాల గ్యాస్ షాకు, అదే మళ్లీ వేసుకోండి.

"ఇంకా గట్టివి ఉన్నాయన్నా, గుంతలు తెలియవు" అంటారు. గట్టి షాకుతో గుంతలు ఇంకా ఎక్కువ తెలుస్తాయి. షాకు గట్టిదనం స్ప్రింగు గట్టిదనంతో జత కుదరాలి, ఒకటి మారితే రెండోది దాంతో తగువు పెట్టుకుంటుంది. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. బండి ఒక అంగుళం లేస్తుంది, అడుగు తగలదు, నిజమే. కానీ ఆ రబ్బరు స్ప్రింగును బిర్రుగా చేస్తుంది, కింద నుంచి వచ్చే తిరుగు దెబ్బను పట్టడం షాకు వల్ల కాదు, దానికి ఆ బలం ఇవ్వలేదు. బఫర్లు పెట్టిన బండి మీద కొత్త షాకులు వేయిస్తుంటే ముందు వాటిని తీయించేయండి.

మరి ఎక్కువ బరువు వేసే బండి సంగతి? ఏడాదికోసారి కోడూరు నుంచి మామిడి పెట్టెలు వేసుకొచ్చేవాళ్లు దాని కోసం షాకులు మార్చనక్కర్లేదు, ఆ రోజుకు టైరు గాలి తలుపు మీద స్టిక్కర్‌లో ఫుల్ లోడుకు రాసినంత కొట్టించి నెమ్మదిగా వస్తే చాలు. రోజూ ఐదుగురు, డిక్కీ నిండా సామాను వేసి తిప్పే ట్యాక్సీ బండైతే వెనక స్ప్రింగుల వయసు ముందు చూసుకోవాలి. స్ప్రింగులూ షాకులూ ఒకేసారి మార్చితేనే లాభం.

ఐదో పని: ఏ కంపెనీ, ఎక్కడ కొనాలి

బండిని ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటారో ముందు మీకు మీరు చెప్పుకోండి. ఏడాదిలో అమ్మేసేదైతే పేరున్న బయటి కంపెనీది చాలు. ఐదేళ్లు నడపాలనుకుంటే కంపెనీ జెన్యూన్ పార్టు, లేదా కార్ల కంపెనీలకే సరఫరా చేసే తయారీదారుది తీసుకోండి. గేబ్రియల్ మన దేశంలో 1961 నుంచి షాకులు చేస్తోంది, మన్రో, కేవైబీ, శాక్స్ కూడా కొత్త కార్లకు షాకులిచ్చే కంపెనీలే. హ్యుందాయ్ వాళ్లు మోబిస్ అనే పేరు మీద వెతకాలి. వీటిలో ఏది గొప్ప అని నేను పందెం కట్టను. మీ బండి ఖచ్చితమైన నంబరుకు ఏది దొరుకుతుందో, ఎవరు బిల్లూ వారంటీ కాగితం ఇస్తారో అదే కొనండి.

నకిలీల దగ్గర జాగ్రత్త. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, ఏడాది, తయారీదారు చిరునామా ఉండాలి. డబ్బా తెరిచి షాకు ఒంటి మీద ఉన్న నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటేనా చూడండి, మంచి కంపెనీ నంబరును షాకు మీద కూడా వేస్తుంది. రాడ్డు అద్దంలా మెరవాలి, వేలి గోరుతో గీస్తే ఎక్కడా తగలకూడదు. వెల్డింగు అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తామంటే ఆశపడొద్దు, వారంటీకి బిల్లే ఆధారం. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం, అంతకు ముందు చాలావాటి మీద 28 ఉండేది, కాబట్టి బిల్లులో 28 వేసి ఉంటే అడగండి.

రీకండిషన్ అని పాత షాకుకు రంధ్రం చేసి నూనె పోసి వెల్డింగు పెట్టి ఇచ్చేవి, స్క్రాపు బండి నుంచి విప్పినవి, రెండూ వద్దు. లోపల వాల్వు అరిగితే నూనె ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

కొనడం జతగానే కొనాలి. ఎడమది లీకైతే కుడిది కూడా మార్చాలి, ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే గట్టి బ్రేకులో, మలుపులో బండి రెండు పక్కలా రెండు రకాలుగా నడుచుకుంటుంది. నాలుగూ ఒకేసారి మార్చడానికి డబ్బు సర్దకపోతే ముందు జత ఇప్పుడు, వెనక జత మూడు నెలలాగి, అలా చేసుకోవచ్చు, తప్పేం లేదు.

ఆరో పని: షాకుతో పాటు రబ్బరు సామాను

షాకుల మీద వేలు పెట్టి, వాటితో పోయే రబ్బరు సామాను దగ్గర పొదుపు చేయడం చాలామంది చేసే పొరపాటు. ముందు స్ట్రట్టు ఒకటి విప్పితే పైన మౌంటింగ్ (స్ట్రట్టును బాడీకి పట్టే రబ్బరు, ఇనుము కలిసిన ముక్క), బేరింగు, బంప్ స్టాపర్, దుమ్ము బూటు అన్నీ చేతిలోకి వస్తాయి. ఇవి కూడా షాకుతో సమానంగా ఏళ్లు చూసినవే. పాత మౌంటింగ్‌ను నేను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కితే మధ్యలో రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఒక పక్కకు జారింది, బేరింగు తిప్పితే ఇసుక నలిగినట్టు కరకరలాడింది, బంప్ స్టాపర్ అయితే పాత స్పాంజిలా చేతిలోనే పొడి పొడి అయింది. వీటిని అలాగే పెట్టి కొత్త షాకు వేసుంటే వారం తిరక్కముందే శబ్దం మళ్లీ వచ్చేది, నింద మాత్రం కొత్త షాకు మీద పడేది.

లేబరు ఎలాగూ ఒకటే. రెండోసారి విప్పితే రెండోసారి లేబరు, రెండోసారి అలైన్‌మెంట్. అందుకని ముందు జతకు మౌంటింగులు, బేరింగులు, బంప్ స్టాపర్లు, బూట్లు, కొత్త నట్లు ఒకే బిల్లులో తీసుకోండి. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు బండి లిఫ్టు మీద ఉన్నప్పుడే కదిపించి చూసి, లూజు ఉన్నవి మాత్రం మార్పించండి. వెనక పని చిన్నది, పైన బుష్‌లు, బంప్ స్టాపర్లు సరిపోతాయి.

ఏడో పని: బిగించేటప్పుడు పక్కనే ఉండండి

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి. ముందు స్ట్రట్టు మీద స్ప్రింగు బలంగా నొక్కి ఉంటుంది. స్ప్రింగు కంప్రెసర్ రెండు పక్కలా సరిగ్గా పట్టించకుండా పై నట్టు విప్పితే అది తూటాలా ఎగురుతుంది. తాడు కట్టి, ఇనుప తీగ చుట్టి విప్పుతామనే షెడ్డయితే బండి వెనక్కి తిప్పుకుని వచ్చేయండి. ఇంట్లో సొంతంగా చేద్దామనుకునేవాళ్లు వెనక షాకుల దాకా ప్రయత్నించండి, ముందువి వద్దు.

విప్పే ముందు, స్ట్రట్టు కింద నకల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప భాగానికి) పట్టే రెండు బోల్టుల చుట్టూ పెయింటుతో గీత గీయమనండి. తిరిగి అదే గీతలో కూర్చుంటే చక్రం వంపు పెద్దగా తప్పదు.

కొత్త షాకు పెట్టెలో పడుకుని వస్తుంది కాబట్టి రెండు గొట్టాల రకంలో గ్యాసు లోపలి గొట్టంలోకి చేరి ఉంటుంది. బిగించే ముందు రాడ్డు పైకి ఉండేలా నిలబెట్టి, పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, నాలుగైదుసార్లు ఆడించాలి. మొదటి ఒకటి రెండుసార్లు మధ్యలో ఖాళీ తగిలినట్టు ఉంటుంది, తర్వాత కిందినుంచి పైదాకా ఒకే బిగువుతో నడుస్తుంది. ఆ ఒకే బిగువు వచ్చాక పడుకోబెట్టకుండా నేరుగా బిగించాలి. ఇది చేయకపోతే కొత్త షాకు మొదటి రోజే టకటకమంటుంది.

పై నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరుగుతుంది. అప్పుడు చేతికి దొరికిన పట్టకారుతో మెరిసే రాడ్డునే పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. వద్దని ఆపండి. పట్టకారు పంటి గాటు ఒక్కటి పడినా అది సీలును కోస్తూనే ఉంటుంది, కొన్ని నెలల్లో లీకు. రాడ్డు కొసన పట్టుకోవడానికి అలెన్ కీ గుంటో, చదును చేసిన చోటో ఉంటుంది, అక్కడే పట్టుకోవాలి.

స్ప్రింగు కొస కింది సీటులో ఉన్న మెట్టుకు ఆనుకుని కూర్చుందో లేదో వేలు పెట్టి చూడండి. బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు క్లిప్పుల్లోకి తిరిగి ఎక్కించారో లేదో చూసి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి ఎక్కడా టైరుకు తగలట్లేదని నిర్ధారించుకోండి.

వెనక షాకు విప్పే ముందు బీమ్ కింద జాకీ పెట్టాలి, షాకు తీయగానే బీమ్ కిందికి జారి స్ప్రింగు ఊడిపడొచ్చు, బ్రేకు పైపు లాగుకుపోవచ్చు. పై నట్టు చాలా బండ్లలో డిక్కీ లోపలి లైనింగు వెనక ఉంటుంది. కింది బోల్టును మాత్రం చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించొద్దు. చేత్తో బిగించి, బండి నేల మీదికి దించి, బరువు పడ్డాక టైట్ చేయాలి. గాలిలో బిగిస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చినుగుతుంది. చాలా షెడ్లలో టైమ్ లేక ఇది వదిలేస్తారు, మీరు అడిగితే చేస్తారు.

ఆ తర్వాత

ముందు స్ట్రట్లు విప్పిన బండికి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, అదే రోజు. మెట్లు పడిన టైర్లు ఉంటే కొత్త షాకులు వేసినా ఊళపెట్టినట్టు శబ్దం చేస్తూనే ఉంటాయి, ముందువి వెనక్కి మార్పించి కొన్నాళ్లు చూడండి, తగ్గకపోతే టైర్లే మార్చాలి.

మొదటి రోజు టౌన్లో పది కిలోమీటర్లు కిటికీలు దించి, పాటలు ఆపి నడపండి. టకటకమంటే పై నట్టు, లింక్ రాడ్డు నట్టు మళ్లీ చూపించండి. బండి కొంచెం బిర్రుగా అనిపిస్తుంది, ఇన్నాళ్లూ మెత్తగా ఊగడానికి అలవాటు పడ్డ ఒళ్లు కాబట్టి, వారంలో సర్దుకుంటుంది. తర్వాత ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, మీకు బాగా తెలిసిన పాడు రోడ్డు మీద ఎప్పటి వేగంతోనే పోయి చూడండి. నేను గువ్వలచెరువు ఘాటుకే పోయాను. ఒరిగిన బండి మలుపు దాటగానే ఒక్క ఊపులో నిలబడింది, వెనక పిల్లలు నిద్ర లేవలేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక షెడ్డుకు తీసుకెళ్లి బోల్టులన్నీ ఒకసారి రెంచితో చూపించి, నాలుగు షాకుల మీదా పొడి గుడ్డ రాసి తడి ఉందేమో చూడండి. డబ్బా లేబుల్, బిల్లు, ఆ రోజు మీటరు రీడింగు ఫోటో తీసి, ఒక కాపీ ఆర్‌సీ కవర్లో పెట్టుకోండి.